పాత కార్లపై వినైల్ చారలు

కారుకు రంగు వేసి ఆరాక దాని మీద గీతగానో, పట్టీగానో, బొమ్మగానో అతికించే పలుచటి ప్లాస్టిక్ పొరను వినైల్ చార అంటారు. మామూలు చార మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. పైన రంగు, కింద జిగురు, జిగురు ఆరకుండా కాపాడే నున్నటి కాగితం, అతికించేటప్పుడు ఆకారం చెదరకుండా పైనుంచి పట్టుకునే బదిలీ టేపు, ఇవీ అందులోని పొరలు. బానెట్ నుంచి డిక్కీ దాకా కారు నడినెత్తిన సాగే జంట పట్టీలు, తలుపుల మీదుగా వెనక్కి పరుగెత్తే పక్క చారలు, డిక్కీ చివర అడ్డంగా చుట్టే పట్టీలు, బానెట్ నిండా రెక్కలు చాచిన పక్షి బొమ్మ, అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

1960ల చివరి నుంచి 1980ల మొదటి వరకు అమెరికా కార్ల కంపెనీలు వీటిని ఫ్యాక్టరీలోనే అతికించి అమ్మాయి. ఆ కార్లలో చాలావాటికి ఇప్పుడు యాభై ఏళ్లు దాటాయి. పాత బండిని బాగుచేసేవాళ్లు ఇంజను విప్పి బిగించి, తుప్పు కోసి రేకు అతికి, రంగు వేయించి, అన్నీ అయ్యాక చారల దగ్గరికి వస్తారు. మిగిలింది స్టిక్కరే కదా అన్న ధీమాతో ఒక సాయంత్రం పూట కానిచ్చేయాలని చూస్తారు. కానీ నెలల తరబడి చేసిన పని చూసేవాళ్ల కంటికి ఆనేది ఆ చార గుండానే. తిన్నగా ఉన్న చార రేకు పనిలోని చిన్న లోపాలను కప్పేస్తుంది. అర సెంటీమీటరు పక్కకు జరిగిన చార మంచి రేకు పనిని కూడా వంకరగా చూపిస్తుంది. రంగు వేయించినంత శ్రద్ధ, ఓపిక దీనికీ కావాలి.

కుంచె నుంచి టేపు దాకా

కార్ల మీద గీత గుర్రపు బండ్ల కాలం నుంచి వచ్చింది. బండి తయారుచేసేవాళ్లు పెట్టె అంచుల వెంట సన్నటి గీతలు కుంచెతో లాగేవారు. తొలినాటి కార్ల పెట్టెలు కట్టింది కూడా అదే వృత్తివాళ్లు కావడంతో ఆ అలవాటు కార్లకు దిగింది. రోల్స్ రాయిస్ కంపెనీ ఇప్పటికీ ఉడుత వెంట్రుకల కుంచెతో, చేత్తోనే, కారు పొడవునా గీత లాగిస్తోంది. చెన్నైలో రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ల పెట్రోలు ట్యాంకుల మీద బంగారు గీతలు కూడా దశాబ్దాల పాటు చేతి పనే.

జిగురు టేపు చరిత్ర కూడా కార్ల షెడ్డులోనే మొదలవుతుంది. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్లు ఫ్యాషన్. ఒక రంగు ఆరాక దాన్ని కప్పి రెండో రంగు కొట్టాలి. పెయింటర్లు పాత పేపర్లను జిగురుతో అంటించేవాళ్లు. పేపరు లాగితే కింది రంగు కూడా ఊడి వచ్చేది. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లోని 3ఎం కంపెనీ అప్పటికి గరుకు కాగితాలు అమ్ముకునే సంస్థ. అక్కడి ఉద్యోగి రిచర్డ్ డ్రూ ఆ కాగితాల పని మీద ఒక షెడ్డుకు వెళ్లి పెయింటర్ల తిట్లు విన్నాడు. అంటుకోవాలి, కానీ రంగును పట్టుకుని రాకుండా ఊడాలి. అలాంటి టేపు కోసం పనిచేసి 1925లో మాస్కింగ్ టేపు తెచ్చాడు. రెండు రంగుల మధ్య హద్దు నిలబెట్టడానికి పుట్టిన టేపు అది. నాలుగు దశాబ్దాల తర్వాత టేపే ఆ రెండో రంగు అయింది.

మధ్యలో మరికొన్ని అడుగులు పడ్డాయి. 1926లో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్డో సెమన్, గట్టిగా పెళుసుగా ఉండే పీవీసీని మెత్తగా వంగేలా చేసే మార్గం కనిపెట్టాడు. అందులో కలిపే మెత్తదనపు ద్రవ్యాలనే ప్లాస్టిసైజర్లు అంటారు. చార ఎన్నేళ్లు బతుకుతుందో తేల్చేది ఇప్పటికీ అవే. 1935లో స్టాంటన్ ఎవరీ లాస్ ఏంజిలిస్‌లో, నీళ్లు తగిలించకుండా నొక్కితే అంటుకునే లేబుళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. 1939లో 3ఎం కంపెనీ సన్నటి గాజు పూసలు పొదిగిన కాంతి పరావర్తన షీట్లను రోడ్డు గుర్తుల కోసం తెచ్చింది. హెడ్‌లైటు వెలుగు పడగానే అది వచ్చిన దిక్కుకే తిరిగి వెళుతుంది కనుక రాత్రిపూట గుర్తు వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. ముప్పయ్యేళ్లకు అదే సరుకు కార్ల పక్కలకు ఎక్కింది.

రేసు నుంచి షోరూముకి

తెల్లటి కారు మీద రెండు నీలి చారలు అమెరికన్ రేసింగ్‌కు గుర్తు. 1950ల మొదట్లో ఫ్రాన్స్‌లోని ల మాన్ 24 గంటల పందేనికి తన సొంత కార్లతో వెళ్లిన బ్రిగ్స్ కనింగ్‌హామ్ జట్టు ఆ రూపాన్ని జనం మనసులో నాటింది. చార అక్కడ పనికొచ్చే వస్తువు. వేగంగా దూసుకొచ్చే కార్లలో తమది ఏదో పిట్‌లో, అంటే బండ్లు ఆగే చోట, ఉన్నవాళ్లకు దూరం నుంచే తెలియాలి. 1965లో క్యారల్ షెల్బీ కంపెనీ ఫోర్డ్ మస్టాంగ్‌ను రేసుకు మలిచి జీటీ350 పేరుతో అమ్మినప్పుడు, ఆ సంస్థ డిజైనర్ పీటర్ బ్రాక్ అదే తెలుపు, అదే నీలం తీసుకున్నాడు. కింద తలుపుల దిగువన మోడల్ పేరుతో పక్క చార, పైన కావాలన్నవాళ్లకు జంట పట్టీలు. ఆ జంట పట్టీలకే ల మాన్ చారలన్న పేరు స్థిరపడింది. ఆ పట్టీలు రంగుతో వేసినవి. అలాంటి కారును మళ్లీ బాగుచేసేటప్పుడు వినైల్ వాడితే చరిత్ర తప్పుతుంది.

రంగుతో చార వేయాలంటే కారంతా కప్పాలి, కొలవాలి, మళ్లీ రంగు కొట్టాలి, మళ్లీ ఓవెన్‌లో ఆరబెట్టాలి. ఫ్యాక్టరీ లైనులో ఇది ఖరీదైన ఆలస్యం. ముందే కోసిన టేపు అయితే ఇద్దరు మనుషులు కొన్ని నిమిషాల్లో అతికిస్తారు. కంపెనీలు టేపు వైపు మళ్లడానికి ప్రధాన కారణం ఇదే. 1968లో డాడ్జ్ తన వేగపు మోడళ్లను స్క్యాట్ ప్యాక్ పేరుతో ఒక గుంపుగా చేసి, డిక్కీ చివర అడ్డంగా తుమ్మెద పట్టీలు చుట్టింది. 1969లో పాంటియాక్ జీటీఓ జడ్జ్ మూడు రంగుల చారలతో వచ్చింది. 1970లో అమెరికన్ మోటార్స్ సంస్థ ద మెషీన్ అనే కారుకు ఎరుపు, తెలుపు, నీలం పరావర్తన చారలు అద్దింది. 1971 ప్లిమత్ కుడా వెనక పక్కలు రెండింటినీ దాదాపు పూర్తిగా కప్పేసిన నల్లటి లేదా తెల్లటి బిల్‌బోర్డ్ వినైల్ మీద ఇంజను పరిమాణం పెద్ద అక్షరాలతో ఉండేది. అది ఆ ఒక్క ఏడాదికే పరిమితం.

వీటన్నిటిలో చారకూ ఒంటికీ పొత్తు కుదిరింది ఫోర్డ్ మస్టాంగ్ బాస్ 302కే అని నా అభిప్రాయం. జనరల్ మోటార్స్ నుంచి ఫోర్డ్‌కు వచ్చిన డిజైనర్ ల్యారీ షినోడా 1969 మోడల్‌కు ముందు ఫెండర్ మీద ఇంగ్లీషు సీ అక్షరంలా వంగి వెనక్కి సాగే పరావర్తన చార గీశాడు. 1970లో చార బానెట్ మీద మొదలై, ఫెండర్ అంచు దాటి కిందికి వంగి, పక్క పొడవునా వెనక్కి పోయింది. హాకీ కర్ర ఆకారం అంటారు దాన్ని. పగలు మామూలు నల్ల చార, రాత్రి మరో బండి లైటు పడితే మెరుపు. రేకు మీద ఉన్న మడతలనే చార అనుసరించింది కాబట్టి ఎక్కడా అతుకుపెట్టినట్టు కనిపించదు. అతికించేవాడికి మాత్రం ఇది కఠినమైన పరీక్ష. దాని సంగతి కింద వస్తుంది.

ముందు కాలుష్య నిబంధనలు, బీమా ధరలు, తర్వాత 1973 చమురు సంక్షోభం కలిసి ఇంజన్ల శక్తిని తగ్గించాయి. విచిత్రంగా చారలు అప్పుడే పెరిగాయి. ఇంజనులో పోయిన జోరును బొమ్మలో చూపించారు. 1973 మోడల్ పాంటియాక్ ట్రాన్స్ యామ్ బానెట్ నిండా రెక్కలు విప్పిన అగ్నిపక్షి వచ్చింది. తన పై అధికారి బిల్ మిచెల్ ముందు ఒకసారి కాదన్న పెద్ద పక్షిని డిజైనర్ జాన్ షినెల్లా మళ్లీ తెచ్చి ఒప్పించాడు. 1977లో స్మోకీ అండ్ ద బ్యాండిట్ సినిమాతో నల్లటి కారు మీది బంగారు పక్షి ప్రపంచమంతా తెలిసింది. 1978లో ఇండియానాపొలిస్ 500 పందేనికి గుర్తుగా చెవ్రొలె 6,502 కొర్వెట్ కార్లు నలుపు, వెండి రంగుల్లో చేసింది. వాటి తలుపులకు అతికించాల్సిన అక్షరాలను కారు లోపలే పెట్టి పంపి, అతికించుకోవడం కొన్నవాళ్ల ఇష్టానికి వదిలేసింది. కొందరు అతికించలేదు. అలా పొట్లంలోనే మిగిలిన అక్షరాలకు ఇప్పుడు సేకరణకారుల దగ్గర మంచి విలువ ఉంది.

అట్లాంటిక్‌కు ఇవతల కూడా ఈ ఫ్యాషన్ నడిచింది. 1972లో పారిస్ ప్రదర్శనలో కనిపించిన పోర్షే 911 కరేరా ఆర్ఎస్ 2.7 పక్కల మీద, తలుపుల దిగువన సాగే కరేరా అన్న రాత దానికి ముఖ్యమైన గుర్తు. చారలు వద్దన్నవాళ్లకు అవి లేకుండానే ఇచ్చారు కూడా.

ఏ వినైల్ కొనాలి

వినైల్ రెండు పద్ధతుల్లో తయారవుతుంది. పిండిలా మెత్తబడిన పీవీసీని వేడి రోలర్ల మధ్య నొక్కి పలుచగా సాగదీసేది క్యాలెండర్డ్ రకం. ద్రవరూపంలోని పీవీసీని కాగితం మీద పలుచగా పరిచి ఓవెన్‌లో ఆరబెట్టేది కాస్ట్ రకం. మొదటిది చవక. అయితే చపాతీ పిండిని కర్రతో ఒత్తి వదిలితే వెనక్కి ముడుచుకున్నట్టు, సాగదీసి చేసిన ఈ పొర కూడా ఎండలో క్రమంగా కుంచించుకుపోతుంది. ఏడాది రెండేళ్లకు అంచుల చుట్టూ జిగురు గీత బయటపడి దుమ్ము పట్టి నల్లబడుతుంది. కాస్ట్ రకం పుట్టుకలో లాగుడు లేదు కాబట్టి అలా ముడుచుకోదు. పలుచగా, సుమారు 50 మైక్రాన్లు, ఉంటుంది కాబట్టి వంపుల మీద ఒదుగుతుంది. బల్లపరుపు షాపు బోర్డుకు క్యాలెండర్డ్ చాలు. పాత కారు మీదికి మాత్రం కాస్ట్ తప్ప మరోటి కొనకూడదు. ఖరీదులో తేడా రంగు ఖర్చు ముందు చాలా చిన్నది.

అమెరికా కార్లకు అసలు కొలతలతో కోసిన కిట్లు దొరుకుతాయి. అందులోనూ చూసుకోవాల్సింది రంగు, మెరుపు. అసలుది పరావర్తన చార అయితే మామూలు నల్ల వినైల్ పగలు మాత్రమే మోసం చేయగలదు. అసలుది రంగుతో వేసినదైతే కిట్ వద్దు. కారు ఏ నెలలో తయారైందో, ఆ నెల బండ్లకు చార ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో మార్పు చేయని బండిని చూసి రాసుకోవాలి. ఫ్యాక్టరీలో చేత్తో అతికించినవి కనుక బండికీ బండికీ కొంత తేడా ఉంటుంది. అందుకే ఒకే ఒక్క ఫొటో పట్టుకుని కూర్చోవడం మంచిది కాదు.

కిట్ దొరకని కార్లకు కటింగ్ ప్లాటరే గతి. తెలుగు ఊళ్లలో నంబరు ప్లేట్లు, ఆటోల మీద పేర్లు కోసే స్టిక్కర్ షాపుల్లో చాలావాటిలో ఆ యంత్రం ఉంటుంది. అక్కడ రేడియం అని పిలిచేది ఈ పరావర్తన షీటునే, అందులో రేడియం ధాతువేమీ లేదు. నేరుగా కారు నుంచి తీసిన అచ్చు ఇస్తే ఆ షాపుల్లో మంచి కోత వస్తుంది. షీటు మాత్రం మనమే కాస్ట్ రకం కొని ఇవ్వడం మేలు. షాపులో ఎక్కువగా ఉండేవి చవక రకాలే.

భారతదేశంలో 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న ద్విచక్ర వాహనాలు, కార్లు వింటేజ్ తరగతిలో నమోదవుతాయి. నంబరులో వీఏ అక్షరాలుంటాయి. చాసిస్, బాడీ, ఇంజను మార్చిన బండికి ఆ గుర్తింపు రాదు. సన్నటి చార ఆ మార్పుల కిందికి రాదు. కారు మొత్తాన్ని వేరే రంగు వినైల్‌తో చుట్టడం మాత్రం వేరే విషయం. ఆర్సీలో రాసిన రంగు మారుతుంది కాబట్టి ముందు రవాణా కార్యాలయంలో అడగాలి.

రంగు సిద్ధమైందా

ఎక్కువ చారలు పాడయ్యేది ఇక్కడే. కొత్త రంగు తాకితే ఆరినట్టే ఉంటుంది. లోపలి ద్రావకాలు మాత్రం వారాల తరబడి ఆవిరై బయటికి వస్తుంటాయి. వాటి దారిని వినైల్ మూసేస్తే ఆ ఆవిరి బుడగలుగా లేస్తుంది. ఎన్నిసార్లు నొక్కినా అవి మళ్లీ లేస్తాయి. ఓవెన్‌లో కాల్చిన రంగు త్వరగా సిద్ధమవుతుంది. మామూలు షెడ్డులో గాలికి ఆరిన టూ-ప్యాక్ (గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే) రంగుకు కనీసం నెల రోజులు ఇవ్వడం క్షేమం. అనుమానం ఉంటే ఒక చిన్న వినైల్ ముక్కను డిక్కీ లోపలి వైపు అతికించి ఒక రోజు వదిలి చూడాలి. బుడగలు వస్తే ఇంకా ఆగాలి.

ఏళ్లనాటి పాత రంగు మీద చార వేయాలంటే పరీక్ష వేరు. ఆ రంగు రేకును గట్టిగా పట్టుకుని ఉందా అన్నది చూడాలి. కనిపించని చోట బలమైన టేపు నొక్కి ఒక్క ఊపున లాగితే తెలుస్తుంది. సున్నంలా పొడి రాలే పాత రంగు మీద ఏ జిగురూ నిలవదు. ముందు పాలిష్‌తో ఆ పొడి తీయాలి.

తర్వాత శుభ్రత. సబ్బునీళ్లతో కడిగాక కూడా మైనం, సిలికాన్ పాలిష్ కంటికి కనిపించకుండా మిగిలిపోతాయి. ఏడు పాళ్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు మూడు పాళ్ల నీళ్లు కలిపి ఒక గుడ్డతో తుడిచి, అది ఆరేలోపే రెండో పొడి గుడ్డతో తుడవాలి. ఆరనిస్తే కరిగిన మురికి మళ్లీ అక్కడే కూర్చుంటుంది. షెడ్లలో థిన్నర్‌తో తుడిచే అలవాటు ఉంది. 1970ల నాటి జనరల్ మోటార్స్ కార్ల అసలు రంగు అక్రిలిక్ లాకర్. థిన్నర్ దాన్ని కరిగించేస్తుంది. పాత రంగు దగ్గరికి థిన్నర్ డబ్బా రానివ్వకూడదు.

వేడి సంగతి తెలుగు నేలలో మరీ ముఖ్యం. జిగురుకు అనువైనది రేకు సుమారు 16 నుంచి 32 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. మే నెలలో ఎండలో నిలిపిన బానెట్ మీద చెయ్యి పెట్టలేం. అంత వేడి మీద జిగురు తాకీతాకగానే పట్టేస్తుంది, సరిదిద్దే వీలుండదు. కారును ముందు రాత్రే నీడలో పెట్టి, తెల్లవారాక పని మొదలుపెట్టాలి. ఫ్యాను కట్టేయాలి, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణచాలి.

గీత ఎక్కడ

కొలత టేపు మీద పూర్తిగా ఆధారపడకూడదు. పాత కారులో బానెట్ మధ్య, ముందు గ్రిల్ మధ్య, పైకప్పు మధ్య, డిక్కీ మధ్య ఒకే సరళరేఖలో ఉండవు. ఫ్యాక్టరీలోనే కొంత తేడా ఉంటుంది, యాక్సిడెంట్లు, రేకు పనులు మరికొంత కలుపుతాయి. బానెట్‌ను దాని అంచుల నుంచి కొలిచి మధ్య పెడితే బానెట్ మీద చార సరిగ్గానే ఉంటుంది, గ్రిల్ బొమ్మ పక్కన వంకరగా కనిపిస్తుంది. అందుకే ముందు గ్రిల్ గుర్తు నుంచి వెనక డిక్కీ తాళం దాకా దారం బిగించి కట్టాలి. దారం చెప్పే మధ్యనూ, ఒక్కొక్క రేకు చెప్పే మధ్యనూ మాస్కింగ్ టేపు ముక్కల మీద పెన్సిలుతో గుర్తుపెట్టాలి. ఆ రెండింటి మధ్య తేడాను చూసేవాళ్ల కళ్లు ఎక్కువగా పడే రేకుల మీద తక్కువగా, మిగతా చోట్ల ఎక్కువగా పంచాలి.

చార అంచులున్న చోట మాస్కింగ్ టేపు అతికించి, అయిదారు మీటర్లు వెనక్కి వెళ్లి ముందు నుంచి, వెనక నుంచి, మోకాళ్ల మీద కూర్చుని ఒకసారి, నిలబడి ఒకసారి చూడాలి. మనసుకు వంకర అనిపిస్తే టేపు తీసి మళ్లీ వేయాలి. ఈ దశలో ఖర్చయ్యేది టేపు ఒక్కటే. జంట పట్టీల విషయంలో పట్టీల బయటి అంచుల కంటే వాటి మధ్య సందుకే గుర్తు పెట్టుకోవడం మంచిది. కన్ను మొదట పట్టేది ఆ సందునే. పట్టీ వెడల్పు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా తెలియదు, సందు ఇరుకై వెడల్పయితే ఇట్టే తెలుస్తుంది.

పక్క చారలకు కుడి ఎడమల పోలిక చూడాలి. ఒక వైపు నేల నుంచి కొలిచి రెండో వైపు కూడా అంతే పెడదామంటే పొరపాటు వస్తుంది. పాత స్ప్రింగులు దిగిపోయి కారు ఒక పక్కకు ఒరిగి ఉండొచ్చు. కొలతలు రేకు మీది మడత నుంచీ, తలుపు పిడి నుంచీ తీసుకోవాలి.

అతికించడం

నీళ్లు చల్లే తడి పద్ధతి, నీళ్లు లేని పొడి పద్ధతి అని రెండున్నాయి. లీటరు నీటిలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు కలిపి రేకు మీదా, జిగురు మీదా చల్లితే చార కాసేపు జారుతూ సర్దుకుంటుంది. తర్వాత స్క్వీజీ అనే ప్లాస్టిక్ పలకతో నీటిని బయటికి తోయాలి. పెద్ద బొమ్మలకు, చేయి తిరగనివాళ్లకు ఇదే నయం. సబ్బు ఎక్కువైతే జిగురు చచ్చిపోతుంది కనుక చుక్కలు లెక్కపెట్టి వేయాలి. కొత్త రకం వినైళ్లలో గాలి బయటికి పోయే సన్నటి కాలువలు జిగురులోనే ఉంటాయి. వాటి మీద నీళ్లు వాడకూడదు, కాలువల్లో నీరు నిలుస్తుంది.

పొడవాటి చారలకు కీలు పద్ధతి వాడతారు. చారను కాగితంతో సహా చోటులో పెట్టి, సరిగ్గా మధ్యలో అడ్డంగా ఒక మాస్కింగ్ టేపు బిగిస్తారు. అదే కీలు. ఒక సగాన్ని పైకెత్తి, వెనక కాగితం ఊడదీసి కీలు వరకు కత్తిరించి పారేస్తారు. చారను కొద్దిగా బిగువుగా, గాలిలోనే తేలేలా పట్టుకుని కీలు దగ్గర నుంచి బయటి కొస వైపు స్క్వీజీతో నొక్కుతూ పోతారు. తర్వాత కీలు తీసి రెండో సగం. పలకను సుమారు 45 డిగ్రీల వాలుగా పట్టి, ప్రతిసారీ అంతకు ముందు నొక్కిన చోటును కొంత కప్పేలా లాగాలి. మధ్య నుంచి అంచులకు, ఎప్పుడూ అంచుల నుంచి మధ్యకు కాదు. అంచులు ముందు అంటుకుంటే లోపలి గాలికి దారి ఉండదు. ఇద్దరు మనుషులు తప్పనిసరి. ట్రాన్స్ యామ్ పక్షికి మూడో మనిషి ఉన్నా ఎక్కువ కాదు.

చారను లాగి సాగదీయడం కొత్తవాళ్లు తరచూ చేసే తప్పు. కొస కొద్దిగా తక్కువ పడిందని లాగితే ఆ పూటకు సరిపోతుంది. లాగిన వినైల్ ఎండకు తిరిగి ముడుచుకుని కొస లేచిపోతుంది. తక్కువ పడితే మొదటి నుంచి మళ్లీ సర్దాలి.

బాస్ 302 హాకీ కర్ర చార కష్టమంతా సందుల దగ్గర. బానెట్ మీద మొదలైన గీత ఫెండర్ మీద అదే కోణంలో దొరకాలి. ఫెండర్ నుంచి తలుపుకు, తలుపు నుంచి వెనక పక్కకు దాటాలి. అందుకే చార వేసే ముందే బానెట్, తలుపుల సందులు సమంగా సర్ది బోల్టులు బిగించి ఉండాలి. చార వేశాక తలుపు కీలు సర్దితే గీత మెట్టులా విరుగుతుంది. సందు దాటే చారను తలుపు మూసి ఉండగా ఒకేసారి అతికించి, తర్వాత సందు మధ్యన కొత్త బ్లేడుతో కోసి, కొసలను లోపలి అంచు మీదికి కొన్ని మిల్లీమీటర్లు మడవాలి. బ్లేడు బరువు వినైల్ తెగేంత వరకే ఉండాలి. రంగు తెగితే ఆ గీటులో తుప్పు మొదలై ఏడాదికి చార అంచును లేపుతుంది. చేతి మీద నమ్మకం లేనివాళ్లు వినైల్ కింద ముందే పరిచి, తర్వాత దారం లాగితే పైపొర తెగే కోత టేపును వాడవచ్చు.

బదిలీ టేపును తీసేటప్పుడు పైకి లాగకూడదు. దాని మీదికే మడిచి, రేకుకు సమాంతరంగా నెమ్మదిగా తీయాలి. చార లేస్తుంటే మళ్లీ పరిచి నొక్కి కొంత సేపు ఆగాలి. తడి పద్ధతిలో ఈ ఆగడం ఎక్కువే. మిగిలిన చిన్న బుడగలను సన్నటి సూదితో ఒక అంచున గుచ్చి వేలితో అణచవచ్చు. బ్లేడుతో చీల్చకూడదు, చీలిక ఎండకు విచ్చుకుంటుంది. మరీ చిన్నవి కొన్ని రోజుల ఎండకు వాటంతట అవే అణుగుతాయి. చివరగా మడతలు, లోతు వంపులు, కొసల మీద హీట్ గన్‌తో వేడి చూపించి మళ్లీ నొక్కాలి. కాస్ట్ వినైల్ సుమారు 90 డిగ్రీల వేడికి తన పాత ఆకారం మరిచి కొత్త వంపుకు అలవాటు పడుతుంది.

చారల మీద క్లియర్ కోటు (రంగులేని పైపూత) కొట్టించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నునుపుగా, అంచు తగలకుండా వస్తుందన్న ఆశ. చాలా కార్లకు ఫ్యాక్టరీలో చార రంగు పైనే ఉండేది, కాబట్టి అసలు రూపానికి అది విరుద్ధం. పైగా క్లియర్ కోటులోని ద్రావకం వినైల్‌ను ముడతలు పెట్టగలదు, తర్వాత చార పాడైతే మొత్తం బానెట్ మళ్లీ రంగు వేయాల్సి వస్తుంది. నా మట్టుకు అది అనవసరం.

వయసు, తొలగింపు

జిగురు పూర్తి పట్టు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆలోపు కడగకూడదు. తర్వాత కూడా ప్రెషర్ గన్ నీటి ధారను చార అంచుకు ఎదురుగా పట్టకూడదు. బానెట్, పైకప్పు లాంటి బల్లపరుపు భాగాల మీది చార పక్కల మీదిదాని కన్నా చాలా త్వరగా ముసలిదవుతుంది. ఎండ నేరుగా పడుతుంది, కింద ఇంజను వేడి. ప్లాస్టిసైజర్లు క్రమంగా వెళ్లిపోయి వినైల్ పెళుసై, చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది. నీడలో నిలపడాన్ని మించిన మందు లేదు.

పాత చారను తీయాలంటే వేడి చేసి, మెత్తబడ్డాక రేకుకు దగ్గరగా వాలుగా, నెమ్మదిగా లాగాలి. మిగిలిన జిగురుకు దాన్ని కరిగించే ద్రావకం, లేదా డ్రిల్లుకు తగిలించే రబ్బరు చక్రం వాడతారు. చక్రాన్ని ఒకేచోట నిలిపితే రంగు కాలుతుంది. చార కింద దాగిన రంగు ఎండ తగలక కొత్తగా ఉంటుంది కనుక చార పోయినా దాని నీడ మిగిలిపోతుంది. పాలిష్ కొంత తగ్గిస్తుంది గానీ పూర్తిగా పోదు.

ఆ నీడ బండి చరిత్రకు సాక్ష్యం కూడా. ఫ్యాక్టరీలో ఆ ఒక్క కారుకు చార ఎక్కడ పడిందో చెప్పగలిగేది అదే. కాబట్టి పాత చార ఎంత చితికిపోయి ఉన్నా పీకే ముందు పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి అంచులన్నీ పెన్సిలుతో గీసుకోండి, తలుపు పిడి, రేకు మడత, సందుల నుంచి కొలతలు రాసుకోండి, అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి. రంగు వేయడానికి బండిని షెడ్డుకు ఇచ్చే ముందే ఈ పని పూర్తికావాలి. గరుకు కాగితం తగిలాక ఆ ఆధారం తిరిగి రాదు.